ఇంకా ఉంది: పిల్లల ధారావాహికలు కట్టిన లోకం, వదిలేసిన ఊరు

తెలుగులో బాలసాహిత్య చరిత్ర రాసేవాళ్లు గేయాల దగ్గర ఆగుతారు, నీతికథల దగ్గర ఆగుతారు, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945లో మద్రాసు నుంచి తెచ్చిన ‘బాల’ పత్రిక దగ్గర తప్పకుండా ఆగుతారు. నెలనెలా ‘ఇంకా ఉంది’ అంటూ ఏడాదీ రెండేళ్లూ సాగిన ధారావాహికల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పిల్లలు ఇష్టంగా చదివేవారు’ అని ఒక్క ముక్కతో దాటేస్తారు. అసలు విచారించాల్సింది ఆ ఇష్టాన్నే. ఒక కథ చదివి పత్రిక పక్కన పెట్టేయడం వేరు, అదే లోకంలోకి పన్నెండు సార్లు, ఇరవైనాలుగు సార్లు ఎవరూ చెప్పకుండానే తిరిగి రావడం వేరు. ఈ రెండో అలవాటు పట్టుబడిన పిల్లలే పెద్దయ్యాక నవలలు చదివారు, వారపత్రికలు నిలబెట్టారు, శాఖా గ్రంథాలయాల్లో బల్లల ముందు కూర్చున్నారు. పిల్లల ధారావాహిక తెలుగు సమాజానికి చేసిన మేలు అది. కానీ ఆ మేలు ఊరికే రాలేదు. పిల్లల కోసం రాసిన వరుస కథల్లో పిల్లల ఊరు లేదు. పిల్లల ఊరిని వరుసగా రాసిన కథలేమో పెద్దల చేతుల్లోకి పోయాయి. ఈ చీలిక తెలుగునేల అంతటా ఉన్నదే అయినా, మూడు భాషలు కలిసే తిరుపతి, చిత్తూరు ప్రాంతం నుంచి చూస్తే మరింత తేటగా కనిపిస్తుంది.

వరుస కథ మనకు పడమటి నుంచి దిగుమతి అయిన సరుకు కాదు. సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఇమిడి ఉన్న బేతాళ కథలు ఇరవైఐదూ ఒకే కట్టుబాటు మీద నడుస్తాయి: రాజు శవాన్ని మోసుకొస్తాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు నోరు విప్పగానే అంతా మొదటికొస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’ ఈ పద్ధతిని తెలుగువాళ్ల ప్రయాణానికి అతికించాయి. కాశీకి పోతున్న యతి వెంట నడిచే పశువుల కాపరి కుర్రవాడు మజిలీ మజిలీకీ ఒక వింత చూసి, దాని కథ చెప్పమంటాడు. చెబితేనే అడుగు ముందుకు పడేది. కథ చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉండే ఒప్పందాన్ని ఇంత సూటిగా చూపిన చట్రం ఇంకొకటి లేదు. ఇక్కడ వినేవాడు కుర్రవాడు, పైగా షరతు పెట్టేది అతనే. విజయా వారి ‘పాతాళభైరవి’ 1951లో ఈ కాశీమజిలీ కథల్లోని ఒక కథ ఆధారంగానే వచ్చింది. మాంత్రికుడు, సాహసి అయిన యువకుడు, అందరాని నిధి అనే త్రయం తెరమీద అంతగా గెలిచిన మూడేళ్లకే అదే సంస్థ అధిపతుల పిల్లల పత్రికలో ధారావాహికగా పాదం మోపింది.

ఆ పత్రిక ‘చందమామ’. కడప జిల్లా బిడ్డ బి.నాగిరెడ్డి, తెనాలివాడైన చక్రపాణి కలిసి 1947 జూలైలో మద్రాసులో దాన్ని మొదలుపెట్టారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యతల్లోకి వచ్చారు. అదే ఏడాది దాసరి సుబ్రహ్మణ్యం చేరి, 50 ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ అంటూ డెబ్బైల చివరిదాకా పన్నెండు ధారావాహికలు రాశారు. నడుమ అరవైలలో కొంతకాలం వాటి స్థానంలో బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ వంటి నవలలు వచ్చాయి. తర్వాత మాంత్రికులు మళ్లీ వచ్చారు. ఎం.టి.వి.ఆచార్య, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు పత్రికకు రూపం ఇచ్చాయి. చిత్రా గీసిన లోయలూ కోటలూ లేకుండా ఆ ధారావాహికల్ని తలుచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. 1971లో విజయ బాపినీడు ప్రారంభించిన ‘బొమ్మరిల్లు’ కూడా ఈ దారే పట్టింది. అందులో వచ్చిన ‘మృత్యులోయ’ రాసింది కూడా దాసరివారే. పోటీ పత్రిక సైతం అదే కలం కోసం వెతుక్కుంది.

దీనికి కొన్ని దశాబ్దాల ముందే అమెరికాలో జరిగింది పక్కన పెట్టి చూస్తే పోలికా తేడా రెండూ తెలుస్తాయి. ఎడ్వర్డ్ స్ట్రాటెమయర్ 1905 ప్రాంతంలో పిల్లల నవలల కార్ఖానా ఒకటి నెలకొల్పాడు. కథాసంగ్రహం ఆయన రాసేవాడు, కూలికి రాసేవాళ్లు దాన్ని నవలగా పెంచేవాళ్లు, అట్టమీద కల్పిత రచయిత పేరు ఉండేది. 1927లో హార్డీ బాయ్స్, 1930లో నాన్సీ డ్రూ ఇలాగే పుట్టాయి. కెరొలిన్ కీన్ పేరుతో వచ్చిన మొదటి 30 నాన్సీ డ్రూ పుస్తకాల్లో 23 రాసింది మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్ అని లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. మన దగ్గర కల్పిత పేరు కూడా లేదు. చందమామ ధారావాహికల మీద దాసరి పేరు వేయలేదు. రచయితని మరుగున పెట్టడం రెండు చోట్లా ఉన్నదే. తేడా ఎక్కడుందంటే, అక్కడ తిరిగివచ్చేది మనిషి, ఇక్కడ తిరిగివచ్చేది లోకం. నాన్సీ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. మన ధారావాహికల్లో శిఖిముఖి, విక్రమకేసరి ‘శిథిలాలయం’తో సెలవు తీసుకుంటారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు ‘రాతిరథం’ నుంచి ‘యక్షపర్వతం’లోకి నడిచిరావడం అరుదైన సంగతి. అయినా పాఠకుడికి కొత్తచోటికి వచ్చినట్టు అనిపించదు. ఇద్దరు యువకుల స్నేహం, అడవి, తెగల నాయకులు, విరిగిన గుడి, దుర్బుద్ధి గల మాంత్రికుడు అన్నీ మళ్లీ ఎదురవుతాయి. మాకు నాన్సీ డ్రూ లేదే అని వాపోయేవాళ్లు ఈ సంగతి గమనించరు. మనకు వరుస కథలు లేకపోలేదు, వరుస నాయకుడు లేడు, అంతే.

నెలరోజుల ఎడం ఈ రూపానికి లోపం కాదు, ప్రాణం. కథ ఒక్కసారిగా చేతికి వస్తే పిల్లవాడు మింగేస్తాడు. నెలకు నాలుగైదు పుటల చొప్పున వస్తే తర్వాత ఏమవుతుందో తానే అల్లుకుంటాడు, బడిలో పక్కవాడితో పందెం వేస్తాడు, పాత సంచిక మళ్లీ తీసి ఆధారాలు వెతుకుతాడు. చదవడం ఒంటరి పని కాకుండా నలుగురి పని అయింది ఈ ఎడంవల్లే. ప్రతి భాగం మొదట్లో నాలుగు వాక్యాల్లో ఇచ్చే ‘జరిగిన కథ’ మరో పని చేసింది. పొడవైన కథను క్లుప్తం చేసి గుర్తుపెట్టుకోవడం ఎలాగో ఏ వ్యాకరణ పాఠమూ లేకుండా నేర్పింది. అదే పత్రికలో వరుసగా నడిచిన బేతాళ కథలు ఇంకో మెట్టు ఎక్కించాయి. ఇరవైఐదు కథలతో ముగియాల్సిన చట్రాన్ని కుటుంబరావు బృందం వందల కథలకు సాగదీసింది. ప్రతి కథ చివరా ఒక తగవు ఉంటుంది. ఎవరిది త్యాగం, ఎవరిది తప్పు, రాజు తీర్పు సరైనదేనా అన్నది పుట తిప్పకముందే పాఠకుడు తేల్చుకోవాలి. పునరుక్తి వల్ల చట్రం మీద ధ్యాస తగ్గి తగవు మీద ధ్యాస పెరుగుతుంది. పిల్లల వరుస కథకు ఉన్న బలమంతా ఇందులోనే ఉంది: తెలిసినది తోడుంటే తెలియనిదాన్ని ఎదుర్కొనే ధైర్యం వస్తుంది.

ఇప్పుడు చిత్తూరు వైపు వద్దాం. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల ముక్కలు కలిపి చేసిన జిల్లా ఇది. తిరుత్తణి వైపు తాలూకాల కోసం జరిగిన తగాదా పటాస్కర్ మధ్యవర్తిత్వంతో తీరి, 1960 ఏప్రిల్‌లో ఆ భాగం మద్రాసు రాష్ట్రానికి పోయింది. కుప్పం మూలన నిలబడితే ఒకపక్క తమిళం, మరోపక్క కన్నడం. ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, బడిలో పుస్తకాల తెలుగు ఉన్న పిల్లలు ఇక్కడ తక్కువేమీ కాదు. చందమామ పుట్టిన ఏడాదే తమిళంలో ‘అంబులిమామా’ పుట్టింది. 1949లో కన్నడ చందమామ వచ్చింది. బొమ్మలు అవే, కథ అదే, లిపి మాత్రం వేరు. మద్రాసు ఈ ప్రాంతానికి నూటయాభై కిలోమీటర్ల చుట్టులో ఉన్న పట్నం కాబట్టి పత్రికలు తిరుపతికీ రేణిగుంటకీ చేరడానికి ఆలస్యం ఉండేది కాదు. సరిహద్దు ఎటు గీసినా, ఆ గీతకు ఇటున్న పిల్లలూ అటున్న పిల్లలూ ఒకే నెలలో ఒకే రాకాసిలోయలో తిరిగారు. రాష్ట్రాలు భాషల పేరిట విడిపోతున్న రోజుల్లోనే ఇలాంటి ఉమ్మడి బాల్యం ఒకటి తయారు కావడం చిన్న సంగతి కాదు. ధారావాహికల సాంస్కృతిక ప్రభావం అనే మాటకు ఈ ప్రాంతంలో మొట్టమొదటి అర్థం ఇదే.

అయితే ఆ ఉమ్మడితనం ఎలా కుదిరిందో అడిగితే ధర బయటపడుతుంది. ఒకే బొమ్మల దిమ్మెలతో పది పైచిలుకు భాషల్లో అచ్చయ్యే కథకు ఒక ఊరు ఉండకూడదు. పాత్రల కట్టూబొట్టూ ఏ ప్రాంతానిదీ కాకూడదు. అందుకే ఆ రాజ్యాలకు పేర్లున్నాయి గానీ పొలిమేరలు లేవు. తెలుగు ప్రతి భాష విషయమూ అంతే. చక్రపాణి, కుటుంబరావు, దాసరి అందరూ గుంటూరు జిల్లా వాళ్లు. వాళ్లు తీర్చిదిద్దిన వచనం తేటగా, ఎక్కడా అడ్డు తగలకుండా నడిచే వచనం. అలాంటిది పిల్లలకు దొరకడం అదృష్టమే. కానీ చంద్రగిరి పిలకాయలకో పలమనేరు పిలకాయలకో ఇంట్లో అమ్మ మాట్లాడే యాస అచ్చులో కనపడదు. కథ అంటే మన మాట కానిది, మన ఊరు కానిది అన్న పాఠం కూడా సాహసంతో పాటు కలిసి వచ్చింది. ఆ లోటు తీర్చింది మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. ‘పచ్చ నాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’ పత్రికలో వరుసగా వచ్చి, చిత్తూరు పల్లె బాల్యాన్ని, అమ్మనీ ఆకలినీ సేద్యాన్నీ అచ్చంగా అక్కడి నోటిమాటతో నిలిపాయి. తిరిగివచ్చే ఊరు, తిరిగివచ్చే మనుషులు, ఒక పిల్లవాడి చూపు: వరుస కథకు కావలసిన సామగ్రి అంతా అక్కడుంది. కానీ వాటిని చదివి కళ్లు తుడుచుకున్నది ఎక్కువగా పెద్దలు. అంతకు ముందు 1956, 57 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వీక్లీలో ముళ్లపూడి వెంకటరమణ, బాపు నడిపిన ‘బుడుగు’ కథా అంతే. మాట్లాడేది చంటివాడు, నవ్వుకునేది వాడి బాబాయిల వయసువాళ్లు. నామిని తర్వాత ‘ఇస్కూలు పిలకాయల కత’ రాశారు, పిల్లల భాషలో ఆల్జీబ్రా చెప్పడానికి పూనుకున్నారు. పిల్లలవైపు తిరిగిన కలం ఈ నేలమీద ఉందనడానికి అది రుజువు. దాని చుట్టూ నెలనెలా నడిచే పిల్లల పత్రిక లేకపోవడమే వెలితి.

ఇంతవరకూ చెప్పినదానికి మొదటి అభ్యంతరం నాణ్యత గురించి వస్తుంది. వరుస కథ ఒక అచ్చులో పోసిన ఇటుకల్లాంటిది, దానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకని సాహిత్యాభిమానులు అడుగుతారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికా బాయ్ స్కౌట్ల గ్రంథాలయాధికారి ఫ్రాంక్లిన్ మాథ్యూస్ 1914లోనే చవక వరుస పుస్తకాలు కుర్రవాళ్ల ఊహని పాడుచేస్తాయని రాశాడు. ఎనిడ్ బ్లైటన్ 1942 నుంచి 1963 దాకా 21 ఫేమస్ ఫైవ్ పుస్తకాలు రాసినా, బీబీసీ రేడియో చాలా ఏళ్లు ఆమెకు చోటివ్వలేదు. ఫలితం మాత్రం ఆ భయానికి ఎదురు నిలిచింది. నాన్సీ డ్రూ చదువుతూ పెరిగామని చెప్పుకున్నవాళ్లలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సాండ్రా డే ఓకానర్, రూత్ గిన్స్‌బర్గ్, సోనియా సొటొమయోర్ ఉన్నారు. మన దగ్గర చందమామ ధారావాహికలు చదివినవాళ్లు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌కీ, మధుబాబు గూఢచారి షాడోకీ వెళ్లారు. కొందరు అక్కడే ఆగారు, కొందరు కుటుంబరావు నవలల దాకా వెళ్లారు. పఠనంలో మొదటి మెట్టు చివరి మెట్టంత నున్నగా ఉండనక్కర్లేదు. పైగా యాంత్రికత రూపంలో పుట్టదు, తొందరలో పుడుతుంది. నెలకు ఒక్క భాగం మాత్రమే రాసే మనిషి, దాన్ని దిద్దే కుటుంబరావు వంటి సంపాదకుడు ఉన్నచోట చట్రం మారకపోయినా వాక్యం చెడలేదు.

రెండో అభ్యంతరం హేతువాదులది: రాజులు, మంత్రాలు, భూతాలు పిల్లల తలల్లోకి ఎక్కించడం ఏమిటి? దీనికి సగం జవాబు ఆ పత్రిక చరిత్రే చెబుతుంది. బేతాళ కథలకు పదును పెట్టిన కుటుంబరావు మార్క్సిస్టు, తర్వాత విప్లవ రచయితల సంఘం (విరసం)లో సభ్యుడు. ఆయన చేతిమీదుగా నడిచిన లోకంలో మంత్రం సాధారణంగా ఓడిపోయే పక్షాన ఉంటుంది. మాంత్రికుడు అత్యాశపరుడు, ఒక్కోసారి నవ్వులపాలయ్యేవాడు. గెలిచేది తెలివి, ఓర్పు, స్నేహం. కాబట్టి మూఢనమ్మకాల ఆరోపణ నిలవదు. మిగిలిన సగాన్ని మాత్రం ఒప్పుకోవాలి. కథ నడిపేవాళ్లు దాదాపు ఎప్పుడూ యువకులే, అమ్మాయి సాధారణంగా ఎత్తుకుపోబడే రాకుమారి. ఇది ఆ కథల్ని అటకెక్కించడానికి కారణం కాదు, కొత్తవి రాయడానికి కారణం. హార్డీ బాయ్స్ పుస్తకాల్లోని జాతివివక్ష ధోరణుల్ని తీసేస్తూ 1959 నుంచి వాటిని తిరగరాశారు. వరుస కథకు ఉన్న వెసులుబాటు ఇదే: కాలం మారినప్పుడు తర్వాతి భాగం మారగలదు.

మూడోది నా వాదన మూలానికే తగిలే అభ్యంతరం. పిల్లలకు కావలసింది దూరం, వాళ్ల ఊరిని వాళ్లకే చూపిస్తే విసుగు పుడుతుంది, అందుకే మాంత్రికుడు గెలిచాడు, నామిని పెద్దలకే పరిమితమయ్యాడు అంటారు. ఇది నిజమైతే సత్యజిత్ రాయ్ ఫెలూదా నిలబడకూడదు. 1965లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రికలో మొదలైన ఆ అపరాధ పరిశోధకుడికి కలకత్తాలో రజనీసేన్ రోడ్డు మీద ఇల్లుంది. కథ చెప్పేది అతని కుర్ర తమ్ముడు తోప్సే. పిల్లలు ఆ వీధుల కోసమే ఆ కథలు చదివారు, చదువుతున్నారు. ఆర్.కె.నారాయణ్ 1935లో స్వామిని మాల్గుడి బడిలో కూర్చోబెట్టినప్పుడు అక్కడ ఏ మాంత్రికుడూ లేడు. ఊరు సాహసానికి అడ్డం రాదు. ఊరిలో పిల్లవాడికి చేయడానికి ఒక పని, ఛేదించడానికి ఒక చిక్కు కల్పించాలి. నామిని బుడ్డోడికి ఉన్నది దుఃఖం, బుడుగుకు ఉన్నది మాట, ఇద్దరికీ లేనిది వచ్చే నెల దాకా తీరని చిక్కు. మన రచయితలు ఊరినీ చిక్కునూ కలపకపోవడం పిల్లల అభిరుచి చేసిన తీర్పు అనుకోవడం పొరపాటు. తలకోన అడవి, శేషాచలంలో ఎర్రచందనం దొంగలు, చంద్రగిరి కోట, పొలాల మీదికి దిగే కుప్పం ఏనుగుల మంద ఉన్న నేలమీద కథకు సామగ్రి కరువని ఎవరూ అనలేరు.

ఇప్పుడు చదివేవాళ్లేరీ, ఫోను అంతా మింగేసింది కదా అన్నది అందరూ చెప్పే మాట. హ్యారీ పాటర్ ఏడు సంపుటాలూ 1997, 2007 మధ్య, అంటే టీవీ, ఇంటర్నెట్ ఇళ్లలోకి దూసుకొచ్చిన పదేళ్లలోనే వచ్చాయి. పిల్లలు తర్వాతి భాగం కోసం రెండేసి మూడేసి ఏళ్లు ఆగారు. మొదటి సంపుటం తెలుగులోకీ వచ్చింది. కాబట్టి ఆగే ఓపిక చావలేదు, తెలుగులో ఆగి చూడదగినది లేకుండా పోయింది. చందమామ 1998లో ఆగి, ఏడాదికి పైగా గడిచాక తిరిగి మొదలై, 2007లో చేతులు మారి, మరో ఐదారేళ్లకు అచ్చులోంచి పూర్తిగా తప్పుకుంది. రామోజీ ఫౌండేషన్ 2013లో తెచ్చిన ‘బాలభారతం’ కరోనా కాలంలో మూతబడింది. మరోపక్క డబ్బున్న ఇళ్ల పిల్లలు ఇంగ్లీషు మీడియంలోకి వెళ్లి అక్కడి వరుస పుస్తకాలు కొంటున్నారు. తెలుగు చదవగల పిల్లలు ఎక్కువగా ఉన్నది కొనలేని ఇళ్లలో. కొనగలిగేవాడు చదవడు, చదవగలిగేవాడికి అందదు. ఫోను కన్నా పెద్ద చిక్కు ఇది.

అందుకే పరిష్కారాన్ని అంగడికే వదిలిపెట్టలేం. ఈ ప్రాంతంలో సాధనాలు లేకపోలేదు. తిరుమల తిరుపతి దేవస్థానాలకు సొంత ప్రచురణ విభాగం ఉంది, రోజూ వచ్చే వేలమంది యాత్రికులున్నారు. మహాపురుషుల జీవితాల మీద పిల్లల కోసం చిన్న పుస్తకాలు వేసిన అనుభవమూ ఉంది. అయితే అవి విడివిడిగా ముగిసే జీవితాలు. వాటిని వరుసలో పేర్చారు గానీ ఒకటి చదివినవాడు రెండోదాని కోసం ఎదురుచూసే ముడి లేదు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లె బడుల కోసం స్థానిక కథల్నీ పాటల్నీ పాఠాల్లో కలిపి, పిల్లలు తమ వేగంతో నేర్చుకునే కార్డుల పద్ధతి తయారుచేసింది. ఊరి కథతో చదువు సాగుతుందని అక్కడ తేలింది. అనంతపురం వైపు నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పిల్లలు రాసిన కథల్ని అచ్చువేసి, సీమ పలుకు పిల్లల పత్రికలో ఒదుగుతుందని చూపింది. ఒకరి దగ్గర పంపిణీ, ఒకరి దగ్గర బోధన, ఒకరి దగ్గర భాష ఉన్నాయి. లేనిది సంపాదకత్వం: ఒక ఊరు, ఇద్దరు ముగ్గురు పిల్లలు, అందులో కథ నడిపే అమ్మాయి ఒకతె, సంభాషణల్లో చిత్తూరు మాట, నెలకు ఒక భాగం, రచయితలు మారినా చట్రం చెదరకుండా కాచుకునే ఒక మనిషి. చందమామ చేసింది సారాంశంలో ఇదే, ఊరు తప్ప. ఈసారి రచయితల పేర్లు కూడా అట్టమీద వేయాలి.

మంత్రాల కథలు తిరిగి అచ్చు వేసుకోవడం మంచిదే. అభిమానుల పూనికతో దాసరి ధారావాహికలు పుస్తకాలుగా వచ్చినప్పుడు కొన్నవాళ్లు చాలామంది తమ బాల్యాన్ని కొనుక్కున్న పెద్దలు. అది కృతజ్ఞత, దానికి తప్పు పట్టనక్కర్లేదు. కానీ ఒక తరం జ్ఞాపకాన్ని ఇంకో తరానికి సాహిత్యంగా అంటగట్టి బాధ్యత తీరిందనుకుంటే, డెబ్బైఏళ్ల కిందటి ఆ సంపాదకుల నుంచి మనం నేర్చుకున్నది శూన్యం. వాళ్లు కాశీమజిలీ కథల్ని యథాతథంగా తిరిగి వేసి ఊరుకోలేదు. ఆ చట్రాన్ని తీసుకుని, తమ కాలపు పిల్లలకు సరిపడే కొత్త కథ రాయించి, జీతమిచ్చి, బొమ్మ వేయించి, ప్రతి నెలా చెప్పిన వేళకు అందించారు. తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఇవాళ కావలసింది ఆ క్రమశిక్షణే, వాళ్ల ఊరి పేరుతో.